కాయ వెళ్లింది, సొమ్ము రాలేదు: ఒక కోనసీమ కొబ్బరి వర్తకుడి బకాయి కేసు

కోనసీమలో చిన్న వర్తకుల లెక్కలు, పన్నుల వ్యవహారాలు చూసే వృత్తి నాది. ఈ కేసులోని వర్తకుడి అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, కొనుగోలుదారుడి నగరం, సొమ్ము అంకెలు గుర్తుపట్టలేనంతగా మార్చాను. వ్యవహారం నడిచిన తీరు మాత్రం మార్చలేదు. బాకీ ఎగవేత మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. సెస్సు మాట వస్తే ‘వ్యాపారంలో ప్రభుత్వానికి ఏం పని’ అనే వర్తకులే, బాకీ మునిగిన రోజున ‘ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు’ అంటారు. ఈ రెండు మాటల్లో ఎంత పస ఉందో ఈ ఒక్క బాకీ దగ్గర కొంత తేలింది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

నేపథ్యం

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ధరలు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. నీటికాయలో (నీళ్లున్న కాయ) పాత, కొత్త. కురిడీలో (లోపల నీరు ఇంకి ఎండిన కాయ) గండేరా, గటగట అనే రకాలు. అన్నీ వెయ్యి కాయల లెక్క. అది ఇక్కడి ధర. కాయ లారీ ఎక్కి ఉత్తరాదికి వెళ్లాక అక్కడ జరిగే బేరం ఏ పత్రికలోనూ రాదు.

నా క్లయింటుది తండ్రి తరం నుంచి ఇదే వ్యాపారం. తోటల్లో దింపు తీయించడం, రాశులు పోయించడం, ఒలిపించడం, సైజు చూసి ఏరించడం, లారీకి ఎత్తించడం కంటికి కనిపించే పని. అసలు వ్యాపారం ఫోనులో నడుస్తుంది. తండ్రిగారి హయాంలో కొనేవాళ్లు కొద్దిమందే. ఏడాదికోసారి వచ్చి, ఇంట్లో భోంచేసి, లెక్క తేల్చుకుని వెళ్లేవారు. కొడుకు హయాంలో వాట్సాప్‌లో కాయ ఫొటో చూసి ధర చెప్పే కొనుగోలుదారులు పెరిగారు. వ్యాపారం విస్తరించింది గానీ ముఖపరిచయం పోయింది. అదే ఆవరణలో ఆయన భార్య పేరు మీద పీచు తాళ్ల యూనిట్ ఒకటి ఉంది. దాని అవసరం తర్వాత వస్తుంది.

ఈ వ్యాపారం మీద ప్రభుత్వం చూపు ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ముందు చెప్పాలి. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతంలో కొనే వర్తకుడికి మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి, సరుకు విలువపై సెస్సు కట్టాలి. ఆ చట్టం వచ్చిందే రైతును వర్తకుడి నుంచి కాపాడటానికి. వర్తకుడిని పైరాష్ట్రపు కొనుగోలుదారుడి నుంచి కాపాడే ఊసు అందులో లేదు. ఇక పన్ను సంగతి. నీటికాయకు జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు, ఆ సరుకుకు ఈ-వే బిల్లూ (సరుకు రవాణా పత్రం) అక్కర్లేదు. వర్తకులు దీన్ని వరంగా చూస్తారు, నేనూ కాదనను. కానీ జీఎస్టీ నంబరు లేని కొనుగోలుదారుడు ఎప్పటి నుంచి వ్యాపారంలో ఉన్నాడో, రిటర్నులు సక్రమంగా వేస్తున్నాడో లేదో చూసుకునే చోటు కూడా ఉండదు. 5 శాతం పన్ను ఉన్న కొప్రా (ఎండుకొబ్బరి) అమ్మేవారికి అవతలివాడి జీఎస్టీ నంబరు కొట్టి చూసుకునే పాటి సౌకర్యం ఉంది. నీటికాయ అమ్మేవారికి అదీ లేదు.

వచ్చిన చిక్కు

దసరా నుంచి ఛఠ్ పూజ దాకా ఉత్తరాదిలో కొబ్బరికాయకు గిరాకీ. ఆ ఏడు వేసవిలో కొత్తగా పరిచయమైన ఒక కొనుగోలుదారుడు మూడు లోడ్లు తీసుకుని, అన్న రోజుకి అన్నంత సొమ్ము వేశాడు. రెండో లోడుకైతే గడువుకు ముందే వేశాడు. పండగ రోజుల్లో మరో మూడు లారీలు వెంటవెంటనే కావాలన్నాడు. లారీకి దాదాపు 25 వేల కాయ. మూడింటి విలువ సుమారు 11 లక్షలు. అడ్వాన్సు అడగడానికి మా వర్తకుడికి మొహమాటం అడ్డొచ్చింది.

మొదటి లారీ చేరిన పొద్దున వచ్చిన ఫోను ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. ‘కాయ చిన్నది. సంచికి నాలుగైదు పగిలి ఉన్నాయి. వెయ్యికి ఇంత తగ్గిస్తేనే దింపుతాను, లేకపోతే లారీ తిప్పుకోండి.’ అప్పటికి లారీ మండీ గేటు దగ్గర నిలబడి ఉంది. డ్రైవరు హాల్టింగ్ డబ్బులు అడుగుతున్నాడు. తిరుగు కిరాయి పెట్టి కాయను వెనక్కి తెచ్చుకుంటే అసలుకే మోసం. మా వర్తకుడు కోతకు ఒప్పుకున్నారు. కోత పోగా మిగిలిన సొమ్ము కూడా రాలేదు. గట్టిగా అడిగితే మొదటి రెండు లారీలకు తేదీ వేసిన చెక్కులు కొరియర్‌లో పంపాడు. అవి చేతికి రావడంతో ధైర్యం వచ్చి మూడో లారీ కూడా ఎక్కించారు. చెక్కులు రెండూ ఖాతాలో సొమ్ము లేదని తిరిగొచ్చాయి. మూడో లారీకి చెక్కూ లేదు, రాతకోతలూ లేవు. వాట్సాప్‌లో ‘మాల్ మిల్ గయా’ (సరుకు అందింది) అన్న ఒక్క ముక్క ఉంది.

నా దగ్గరికి వచ్చేసరికి పండగలు అయిపోయాయి. ఆయన మొదట అడిగిన మాట: ‘ఆడిటరుగారూ, ఇలాంటి వాళ్లకు సరుకు కొనే హక్కు ఎవరిచ్చారండి? లైసెన్సు అక్కర్లేదా?’

మొదట వెళ్లిన దారులు

ఆయన మనసు పోలీసు స్టేషన్ మీద ఉంది. నేను కాదనలేదు గానీ పెద్దగా ఆశ పెట్టలేదు. మోసం కేసు నిలబడాలంటే బేరం కుదిరిన నాడే అవతలివాడి మనసులో ఎగవేసే ఉద్దేశం ఉందని చూపాలి. సక్రమంగా సొమ్ము వేసిన మూడు లోడ్లే ఇక్కడ మాకు ఎదురు సాక్ష్యం. చిన్న లోడ్లతో నమ్మించి పెద్ద లోడ్లతో ముంచడమే అతని పద్ధతి కావచ్చు. కానీ అది చూపాలంటే ఇంకెవరినైనా అలాగే ముంచాడని తెలియాలి. స్టేషన్‌లో ఇది డబ్బు తగాదా, సివిల్ కోర్టుకు వెళ్లమన్నారు. ఆ సమాధానంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

రెండోది చిన్న పరిశ్రమల బకాయిల చట్టం. చిన్న సంస్థగా కేంద్రం దగ్గర చేసుకునే నమోదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఆయనకు ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారుడు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరే, 45 రోజుల లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. వసూలుకు ప్రత్యేకంగా ఫెసిలిటేషన్ కౌన్సిల్. వినడానికి ఇంతకన్నా గట్టి రక్షణ లేదు. కానీ ఆయన ఉద్యమ్ పత్రంలో వృత్తి కింద వ్యాపారం అని ఉంది. టోకు, చిల్లర వర్తకులను 2021 జులైలో ఎంఎస్ఎంఈల్లో చేర్చినప్పుడు ప్రాధాన్య రంగ రుణాల వరకే ఆ సౌకర్యం ఇచ్చారు. బకాయిల రక్షణ వారికి రాదు. సర్టిఫికెట్ చూపించి ‘ఇది ఉందిగా’ అన్నప్పుడు ఈ తేడా చెప్పడం నాకు కొంచెం కష్టమైంది.

పక్క షెడ్డులో తాళ్లు పేనే ఆయన భార్య యూనిట్ తయారీ సంస్థ కాబట్టి దానికి ఆ రక్షణ పూర్తిగా వర్తిస్తుంది. ఒకే గేటు, ఒకే కుటుంబం. కాయ డొక్కను తాడుగా మార్చి అమ్మితే చట్టం అండ ఉంది. లోపలి కాయను అమ్మితే లేదు. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థకు గడువులోగా చెల్లించని సొమ్మును కొనుగోలుదారుడు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. అయితే ఆ అండకూ ఖరీదు ఉంది. తాళ్లు కొనే ఒక సంస్థ ఆవిడకు ఫోను చేసి ‘అమ్మా, మీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయకండి, వేస్తే మాకు ఇబ్బంది, ఇంకో చోట చూసుకోవాల్సి వస్తుంది’ అని చెప్పింది. ఆవిడ నంబరు తీయలేదు. ఆర్డరు కొంత తగ్గింది. రక్షణ ఇచ్చిన చట్టమే అమ్మకాన్ని ఎలా తగ్గిస్తుందో నేను దగ్గరగా చూసింది ఇక్కడే.

మూడోది చెక్కుల కేసు. ఇదొక్కటే నాకు గట్టి దారిగా కనిపించింది. చెక్కుల వ్యవహారాలు చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి వచ్చిన 2015 సవరణ తర్వాత, చెక్కు పుచ్చుకున్నవారి ఖాతా ఏ శాఖలో ఉందో ఆ ప్రాంతపు కోర్టులోనే 138 సెక్షన్ కింద ఫిర్యాదు వేయవచ్చు. అంతకుముందు 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం చెక్కు ఏ బ్యాంకుదో ఆ ఊరికి వెళ్లాల్సి వచ్చేది. వెయ్యి మైళ్ల అవతల కేసు వేసే స్తోమత ఈయనకు లేదు. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల గడువు, అది దాటితే నెలలోపు ఫిర్యాదు. ఈ గడువుల్లో ఏది జారినా కేసు పలచబడుతుంది. మొదటి చెక్కు నోటీసు గడువు ఇంకా మిగిలి ఉండగానే ఆయన రావడం అదృష్టం. కాగితాలు సర్ది, తెలిసిన న్యాయవాదికి అప్పగించాను.

సంఘంలో జరిగిన చర్చ

ఇంతలో విషయం మా వర్తకుల సంఘం చెవిన పడింది. ఇలాగే దెబ్బతిన్నవాళ్లు మరో ఇద్దరు బయటపడ్డారు. సమావేశం పెట్టి, బయటి కొనుగోలుదారులందరికీ ప్రభుత్వం లైసెన్సు పెట్టాలని, బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలని వినతిపత్రం ఇద్దామన్నారు. నన్ను రాసిపెట్టమన్నారు. రాసేముందు నా అభ్యంతరాలు చెప్పాను.

పైరాష్ట్రపు మండీలో కూర్చుని ఫోను మీద కొనేవాడికి మన మార్కెట్ కమిటీ లైసెన్సు ఎలా ఇస్తుంది, ఇవ్వకపోతే ఎలా ఆపుతుంది? గట్టిగా పట్టుబడితే ఇక్కడ ఎవరో ఒకరి పేరు మీద కొంటాడు, లేదా తమిళనాడులోని పొల్లాచ్చి నుంచి కాయ తెప్పించుకుంటాడు. ఇక లైసెన్సు అనేది కొనే అర్హత చెబుతుంది గానీ చెల్లించే స్తోమత చెప్పదు. ఈ గదిలో ఉన్న అందరికీ లైసెన్సు ఉంది, అయినా రైతులు మన మీద బకాయిల ఫిర్యాదులు చేయడం లేదా అని అడిగాను. ఈ మాట ఎవరికీ నచ్చలేదు. కాసేపు అందరూ మౌనంగా ఉన్నారు. ఆపైన టీ తెప్పించారు.

ఒక యువ వర్తకుడు 2020 నాటి సాగు చట్టాల సంగతి ఎత్తాడు. పాన్ కార్డు ఉంటే ఎవరైనా మార్కెట్ యార్డు బయట కొనవచ్చన్న చట్టం అది. సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఆపింది, ఆ ఏడాది చివర్లో కేంద్రమే రద్దు చేసింది. అందులో కూడా అదే రోజు, లేదా గరిష్ఠంగా మూడు పనిదినాల్లో సొమ్ము ఇవ్వాలన్న నిబంధన రైతుకు ఇవ్వాల్సిన సొమ్ముకే. నియంత్రణ పెంచే చట్టమైనా, తగ్గించే చట్టమైనా వర్తకుడికీ వర్తకుడికీ మధ్య బాకీని వాళ్ల గొడవగానే వదిలేసింది. ఇది అన్యాయమని నేను అనుకోను. రైతుకు లేని బేరమాడే సత్తా వర్తకుడికి ఉందన్నది చట్టం లెక్క. ఆ సత్తా ఉందా అన్నదే మా ప్రశ్న.

ఆ తర్వాత సంఘం సొంతంగా చేసిన పని బెడిసికొట్టింది. ఈ కొనుగోలుదారుడికి ఎవరూ కాయ పంపకూడదని తీర్మానం చేసుకున్నారు. అలాంటి తీర్మానం పోటీ చట్టంలోని 3వ సెక్షన్ కిందికి రావచ్చని, పేరు రాసి ఊరంతా పంచితే పరువు నష్టం కేసూ రావచ్చని హెచ్చరించాను. చట్టం దాకా వెళ్లే అవసరమే రాలేదు. సంక్రాంతి లోపే, తీర్మానానికి చెయ్యెత్తిన వాళ్లలో ఒకరు అతనికి లోడు పంపారు. వెయ్యికి రెండు వందలు ఎక్కువ ఇస్తానన్నాడట, ముందే సొమ్ము వేశాడట. అడిగితే ‘నాకు వేశాడు కదండీ’ అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేం. ఇలాంటి కట్టుబాటులో నిలబడినవాడికే నష్టం, దాటినవాడికి లాభం.

నా క్లయింటు మరో వైపుకు పోయారు. పూర్తి సొమ్ము ముందే ఇస్తేనే లారీ కదులుతుందన్నారు. నెల తిరక్కుండా పాత, మంచి కొనుగోలుదారులు కూడా పక్క వర్తకుల దగ్గరికి వెళ్లారు. ఒలిచిన కాయ రాశిలో ఆరిపోసాగింది.

నిలబడిన ఏర్పాటు

ఆలోచనను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. దెబ్బ తగిలింది ఎక్కడ? చెక్కు తిరిగొచ్చిన చోట కాదు, అంతకు ముందే, లారీ మండీ గేటు దగ్గర నిలబడిన పొద్దున. ఆ ఘడియలో సరుకు మనది, కిరాయి మనది, భయం మనది. అవతలివాడికి పోయేదేమీ లేదు. ఆ నిమిషంలో మన చేతిలో ఏదైనా ఉండేలా చూడాలి.

అందుకు మూడు మార్పులు పెట్టాం. లారీ ఎక్కించే ముందు సగం సొమ్ము. ఎల్ఆర్ (లారీ రసీదు) కొనుగోలుదారుడి పేరు మీద కాకుండా మన పేరు మీదే రాయించి, మిగతా సగం ఖాతాలో పడ్డాకే దింపమని రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా చెప్పడం. షరతు నెరవేరేదాకా సరుకు మీద హక్కు అట్టిపెట్టుకునే వీలు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. కోనసీమలో ఎవరూ వాడగా నేను చూడలేదు. ఎక్కించేటప్పుడు కాయ సైజు, పగుళ్లు తెలిసేలా రెండు మూడు సంచులు విప్పి వీడియో తీసి, ధర వివరాలతో కలిపి ముందే పంపడం, ‘సరే’ అని అతని చేత రాయించుకోవడం కూడా అందులో భాగమే.

వీటికన్నా ఎక్కువ పని చేసింది నాలుగోది. అది కాగితం పని కాదు. సరుకు వెళ్లే ప్రతి మండీలోనూ రెండో కొనుగోలుదారుడినో, కమీషన్ ఏజెంటునో ముందే మాట్లాడి పెట్టుకోమన్నాను. ధర కొంచెం తక్కువైనా ఫరవాలేదు, లారీ వస్తే దింపుకుంటానన్న మాట ఉండాలి. ఆ మరుసటి సీజనులో ఒకతను మళ్లీ ‘కాయ చిన్నది’ అన్నాడు. మా వర్తకుడు ‘సరేనండి, పక్క గోదాములో దింపిస్తాను, మీ అడ్వాన్సులోంచి కిరాయి తేడా మినహాయించుకుని మిగతాది పంపేస్తాను’ అన్నారు. పావుగంటలో అవతలి నుంచి ఫోను వచ్చింది, కోత లేకుండా లారీ దిగింది. వీడియో అంతకు ముందే అతని ఫోనులో ఉంది. అయినా అతన్ని కదిలించింది పక్క గోదామే అని నా అంచనా.

సగం అడ్వాన్సు అనగానే కొందరు కొనుగోలుదారులు జారిపోయారు. వ్యాపారం మునుపటికన్నా తగ్గింది. బాకీ భయం లేని తగ్గుదలను ఆయన ఒప్పుకున్నారు. వయసులో ఉన్న ఇంకొకరైతే ఒప్పుకునేవారు కాదేమో. తండ్రిగారి కాలం నాటి కొనుగోలుదారుడు ఒకరికి మాత్రం ఇప్పటికీ ఒక్క రూపాయి అడ్వాన్సు లేకుండానే పంపుతున్నారు. నేను వద్దన్నాను. వినలేదు.

సంఘం తీర్మానం మూలపడ్డాక దాని స్థానంలో ఒక పుస్తకం పెట్టమన్నాను. అందులో అభిప్రాయాలు ఉండవు, ధరలు ఉండవు, ‘పంపకండి’ అన్న మాట ఉండదు. ఫలానా తేదీన ఇన్ని కాయలు, ఇంత సొమ్ము, గడువు ఇది, వచ్చిన రోజు ఇది. చెక్కు తిరిగొస్తే బ్యాంకు ఇచ్చిన మెమో నకలు. చూసి ఎవరి నిర్ణయం వారు తీసుకోవాలి. మొదట్లో రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. తన బాకీ మునిగిందని పదిమందికీ తెలిస్తే బ్యాంకులో, రైతుల్లో మాట పోతుందని భయం. నా క్లయింటే మొదటి పేజీ రాశారు. కొన్నాళ్లకు ఇంకో తిప్పలు వచ్చింది: ఎగవేసినవాళ్లు పేరు మార్చి, బావమరిది పేరుతో వస్తున్నారు. అప్పటి నుంచి పేరుతోపాటు గోదాము చిరునామా, సొమ్ము వేసిన బ్యాంకు ఖాతా కూడా రాస్తున్నారు.

చెక్కుల కేసు సంగతి. సమన్లు అందిన తర్వాత కూడా చాలాకాలం అతను రాలేదు. వచ్చాక నేరం ఒప్పుకోలేదు. అలాంటప్పుడు చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 సవరణతో కోర్టుకు వచ్చింది. మా న్యాయవాది అది కోరుతూ అర్జీ వేశారు. దాని మీద ఉత్తర్వు వచ్చేలోపే రాజీకి కబురు వచ్చింది. రెండు చెక్కుల సొమ్ములో నాలుగింట మూడు వంతులకు పైగా వాయిదాల్లో వచ్చింది, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. పూర్తిగా వచ్చేదాకా పట్టుబట్టాలా వద్దా అని ఆయన అడిగారు. శిక్ష పడితే మనసుకు తృప్తి, సొమ్ము వస్తే రైతులకు బాకీ తీరుతుంది, మీకు ఏది ముందో చూసుకోండి అన్నాను. ఆయన రైతుల బాకీ తీర్చారు. చెక్కు లేని మూడో లారీ సొమ్ముకు దావా వేయాలంటే మూడేళ్ల గడువు ఉంది. గెలిచినా డిక్రీని (సివిల్ కోర్టు తీర్పును) ఆ రాష్ట్రపు కోర్టుకు పంపి అమలు చేయించుకోవాలి. ఖర్చు లెక్క వేసి వదులుకున్నారు.

నేర్చుకున్నవి

ఈ కేసులో చివరికి పనికొచ్చినవన్నీ వర్తకుడు తన కోసం తాను చేసుకున్న ఏర్పాట్లే. కానీ వాటిలో ఏదీ గాలిలో నిలబడలేదు. సొంత ఊరి కోర్టులో కేసు వేసుకోనిచ్చిన 2015 సవరణ లేకపోతే రాజీ కబురు వచ్చేదే కాదు. 1930 నాటి చట్టం లేకపోతే ఎల్ఆర్ మీద రాసిన షరతుకు విలువ ఉండదు. వర్తకులు వద్దనుకునేది లైసెన్సును, తనిఖీని. వాళ్లకు తెలియకుండానే ఆధారపడేది కోర్టు మీద, రిజిస్టర్ల మీద. ఈ రెండింటినీ ‘ప్రభుత్వం’ అనే ఒకే మూటలో కట్టడం వల్లే మా సంఘంలో అంతసేపు వాదన నడిచిందనుకుంటాను.

ఒక లోపం మాత్రం మిగిలే ఉంది. కొత్త కొనుగోలుదారుడి పేరు, కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ సైటులో వెతికి చూడటం ఇప్పుడు మా వాళ్లకు అలవాటు చేశాను. కానీ 2015 సవరణ వల్ల ఎవరి కేసు వారి సొంత జిల్లాలో పడుతోంది. ఉత్తరాది కొనుగోలుదారుడి మీద పొల్లాచ్చి వర్తకుడు వేసిన కేసు కోయంబత్తూరు జిల్లాలో, కర్ణాటకలోని తిపటూరు వర్తకుడు వేసింది తుమకూరు జిల్లాలో ఉంటుంది. అతని సొంత జిల్లాలో వెతికితే అతని పేరు శుభ్రంగా కనిపిస్తుంది. అందుకని కొబ్బరి పండే జిల్లాలన్నీ ఒక్కొక్కటిగా వెతుకుతున్నాం, ఇంగ్లీషులో పేరు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చి మరీ. సంఘం ఈసారి రాయించిన వినతిపత్రంలో లైసెన్సు, బ్యాంకు గ్యారంటీ అన్న రెండు కోరికలూ తీసేశారు. చెక్కు కేసులను పాన్ నంబరుతో దేశమంతటా ఒకే చోట వెతికే వీలు కల్పించాలని అడిగారు. దాని కింద సంతకం పెట్టిన వారిలో, సంక్రాంతి ముందు లోడు పంపిన ఆయన కూడా ఉన్నారు.